మరియ పాటకీ అంగన్‌వాడీ టెంటుకీ మధ్య దూరం

ప్రకాశం జిల్లా తెలుగు సంఘాల కాపరులకు, కమిటీ పెద్దలకు, బైబిలు కాలేజీల్లో పాఠాలు చెప్పే అయ్యగార్లకు, అమ్మగార్లకు వందనాలు.

నేను రిటైరైన తెలుగు టీచర్ని. ముప్ఫయ్యేళ్ళుగా సండే స్కూలు కూడా నడుపుతున్నాను. మా నాయనమ్మ బైబిలు స్త్రీ. ఆమె చేతిసంచిలో ఎప్పుడూ మూడు వస్తువులు ఉండేవి: బైబిలు, కీర్తనల పుస్తకం, గజ్జి మందు డబ్బా. పల్లెలోకి వెళ్తే ముందు పిల్లల చేతులకు మందు రాసేది, తర్వాత పాట పాడేది, ఆ తర్వాతే వాక్యం చదివేది. ఈ మూడింట్లో ఏది సువార్త, ఏది సమాజసేవ అని ఆమెనెవరూ అడగలేదు. అడిగినా ఆ ప్రశ్న ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు ఆ ప్రశ్న మీరు అడుగుతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

2023 డిసెంబరు 24 ఆదివారం. గుడి నిండా నక్షత్రాలు, రంగు కాగితాలు. వాక్యభాగం లూకా మొదటి అధ్యాయం, యేసు తల్లి మరియ పాడిన పాట. మా సంఘంలో ఒకమ్మాయి అంగన్‌వాడీ టీచరు. రాష్ట్రంలో మిగతా అంగన్‌వాడీలతో పాటు డిసెంబరు 12 నుంచి సమ్మెలో ఉంది. గుడికి రెండు కిలోమీటర్ల దూరంలో టెంటు కింద కూర్చుంటోంది. అప్పటికి వాళ్ళ జీతం 11,500 రూపాయలు, ఆయాలకు 7,000. జీతం పెంచమనీ, గ్రాట్యుటీ ఇవ్వమనీ అడుగుతున్నారు. గ్రాట్యుటీ వాళ్ళ హక్కేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లోనే తీర్పు చెప్పింది కూడా. ఆ అమ్మాయి ప్రార్థన చీటీ రాసి పంపింది: "మా సమ్మె గురించి, మా తోటి అక్కచెల్లెళ్ళ గురించి ప్రార్థించండి."

చీటీలన్నీ చదివారు. ఒకరి అబ్బాయికి వీసా. ఒకరికి మోకాళ్ళ నొప్పి. ఒకాయన పొలంలో బోరు పడాలి. అన్నిటికీ "ఆమెన్" అన్నాం. ఆ అమ్మాయి చీటీ మాత్రం చదవలేదు. ఆరాధన అయ్యాక నేను వెళ్ళి అడిగితే వచ్చిన జవాబు: "టీచరమ్మగారూ, అది రాజకీయం. పుల్పిట్ మీదికి తేకూడదు."

అదే పుల్పిట్ మీద అరగంట ముందు చదివిన వాక్యం ఇది: "సింహాసనములనుండి బలవంతులను పడద్రోసి దీనుల నెక్కించెను. ఆకలిగొనినవారిని మంచి పదార్థములతో సంతృప్తిపరచి ధనవంతులను వట్టిచేతులతో పంపివేసెను."

నేను తెలుగు చెప్పినదాన్ని, మాటల మీద నాకు కాస్త పట్టు ఉంది. "పడద్రోసి" అన్న క్రియకు ఆత్మీయార్థం ఒక్కటే ఉందని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. ఇక ఆకలిగొన్నవాళ్ళను మంచి పదార్థాలతో తృప్తిపరచడం అంటారా, అది ఆ అమ్మాయి రోజూ చేసే ఉద్యోగం. గుడ్డు ఉడకబెట్టి, పాలు కాచి, మూడేళ్ళ పిల్లలకు తినిపించడం. మనం లోపల ఎవరి పాట పాడుతున్నామో ఆ మనిషి బయట టెంటులో కూర్చుని ఉంది. సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో జనవరి 6న, సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. ఆ 42 రోజుల్లో ఆరు ఆదివారాలు వచ్చాయి. ఆరింట్లోనూ ఆ చీటీ చదవలేదు.

రాజకీయం సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు మనం ఎక్కడి నుంచి వచ్చామో ఒక్కసారి చూద్దాం. "సంఘం పని ఆత్మల రక్షణ మాత్రమే, సామాజిక న్యాయం ఈమధ్య బయటి నుంచి దిగుమతైన బోధ" అని మీలో చాలామంది అంటున్నారు. అది మన జిల్లా గుంటల్లో, కాలవల్లో, ఏటి ఒడ్డున జరిగిన సంగతులకు పూర్తిగా విరుద్ధం.

యర్రగుంట్ల పేరయ్య కథ మీకు తెలుసు. ప్రతి జూబిలీలోనూ చెబుతారు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు, మాదిగ, తోళ్ళ వ్యాపారి. కానీ పేరయ్య అంతకు ముందే రాజయోగం నేర్చిన గురువు. ఆ విద్య ఆయనకు చెప్పింది ఒక స్త్రీ. అంటే దొరలు ఓడ దిగక ముందే ఆ పల్లెల్లో మనుషులు తమను మనుషులుగా చూసే దేవుణ్ణి వెతుకుతున్నారు. ఈ ముక్క జూబిలీల్లో ఎందుకో వదిలేస్తారు. ఖాళీ పాత్రల్లో మిషనరీ వచ్చి పోశాడన్నట్టు చెప్పడం మనకు అలవాటైపోయింది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చిన కొత్తలోనే ఒక చిక్కు వచ్చిపడింది. పై కులాలవాళ్ళు కొందరు దగ్గరయ్యారు, పిల్లల్ని ఆయన బడికి పంపారు. మాదిగల్ని చేర్చుకుంటే మాత్రం మేం ఉండం అన్నారు. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందట: కొరింథీయులకు మొదటి పత్రిక, ఒకటో అధ్యాయం. లోకంలో ఎన్నికలేనివారిని, అంటే ఎవరూ లెక్కలోకి తీసుకోనివారిని, దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట. దానితో నిర్ణయం అయిపోయింది. పెద్దకులాల పిల్లలు బడి మానేశారు. మీరు ఆలోచించాల్సింది ఒకటుంది. మన సంఘ చరిత్రలో మొదటి పెద్ద నిర్ణయం ఎవరికి వాక్యం చెప్పాలన్నది కాదు, కులానికి తలొగ్గాలా వద్దా అన్నది. అది దైవశాస్త్రమా, రాజకీయమా?

చేరినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడు. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చేయకూడదు. మొదటిది మాత్రమే "మతం" అనిపిస్తుంది కదా! కానీ ఊళ్ళో గొడవలు వచ్చింది మిగతా రెండింటి వల్ల కూడా. ఆదివారం పనికి రానన్న మాదిగవాడు ఆసామికి వారంలో ఒక రోజు లేదన్నాడన్నమాట. జాతరలో డప్పు కొట్టనన్నవాడు ఊరి కట్టుబాటునే కాదన్నాడు. అందుకే కరణాలు, మునసబులు పగబట్టారు. బావి నీళ్ళు ఆపారు, అంగట్లో సరుకు ఆపారు, కేసులు పెట్టారు. మా ముత్తాతలకు విశ్వాసం అంటే ఇదీ. వారానికి ఒక రోజు సెలవు అడగడానికి కావలసినంత ధైర్యం. ఇప్పుడు దాన్ని లేబర్ చట్టం అంటాం. అప్పుడు సబ్బాతు, విశ్రాంతి దినం అన్నారు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. ఆయనకు అమెరికాలో సర్వే పని తెలుసు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలంతా తట్టలు మోయించడం, కూలి ఇప్పించడం, సాయంత్రం గుంపుల మధ్య కూర్చుని వాక్యం చెప్పడం. ఇందులో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. కూలి ఇవ్వడానికి విశ్వాసం షరతు కాలేదు. సాయం ఆగిపోయాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ అంకె మన గుడి గోడల మీద రాసుకున్నాం. ఆ అంకెకు ముందున్న కాలువ, కూలి మాత్రం గోడ మీదికి ఎక్కలేదు.

ఇప్పుడు మీకు నచ్చని పేరు ఒకటి చెబుతాను. వాల్టర్ రౌషన్‌బుష్, సామాజిక సువార్త బోధించిన అమెరికన్ బాప్టిస్టు కాపరి. మీ బైబిలు కాలేజీల్లో "సోషల్ గాస్పెల్" అంటే ఉదారవాదులు తెచ్చిన తెగులు అని ఒక పేరాలో తేల్చేస్తారని నా దగ్గర చదివిన పిల్లలు చెప్పారు. ఆ పేరా చెప్పే అయ్యగార్లలో ఎంతమందికి తెలుసో గానీ ఈయన మనకు చుట్టం. ఈయన అక్క ఎమ్మా మన తెలుగు మిషనుకు 1882లో వచ్చింది. 1894లో క్లౌను పెళ్ళి చేసుకుంది. మాదిగల కథలు విని పుస్తకంగా రాసింది. క్లౌ ఆత్మకథను రాసిపెట్టిందీ ఆమే. ఆయన చనిపోయాక 1914లో అది అచ్చయింది. దాని పేరు "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్". తూర్పు దేశంలో సామాజిక క్రైస్తవం అని అర్థం. బయటి నుంచి దిగుమతైన బోధ అంటున్నారు మీరు. ఒంగోలు కథకు వాళ్ళింట్లోవాళ్ళే నూరేళ్ళ కింద పెట్టుకున్న పేరు అది.

ఇంకొకటి కూడా ఉంది. 1880ల మధ్యలో, అప్పటికి కుర్రవాడైన రౌషన్‌బుష్ పేరు మన రామాయపట్నం సెమినరీకి అధిపతిగా పరిశీలనకు వచ్చింది. పాత నిబంధన మీద అతని ఆలోచనలు మరీ ఉదారంగా ఉన్నాయని పక్కన పెట్టారు. మన సముద్రపు ఒడ్డున పాఠాలు చెప్పాల్సిన మనిషి 1886లో న్యూయార్క్‌లో హెల్స్ కిచెన్ అనే పేదపేట పక్కన చిన్న జర్మన్ బాప్టిస్టు సంఘానికి కాపరిగా వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు అతనూ మీలాగే ఆత్మల రక్షణ కోసమే వెళ్ళాడు. పదకొండేళ్ళు అక్కడున్నాడు. అతన్ని మార్చింది ఏదో జర్మన్ తత్వశాస్త్రం కాదు. చంటిపిల్లల సమాధి కార్యక్రమాలు. ఇరుకు గదుల్లో, తిండి చాలక, పని దొరకని తల్లిదండ్రుల చేతుల్లో పోయిన పిల్లల్ని వరసగా పాతిపెట్టాడు. ఈ పిల్లలు ఎవరి పాపం వల్ల పోయారని అడగడం మొదలుపెట్టాడు. మీరూ సమాధి కార్యక్రమాలు చేస్తారు కదా అయ్యగారూ. కల్తీ సారా తాగి పోయినవాణ్ణి, మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక పోయినవాణ్ణి పాతిపెట్టేటప్పుడు "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అని చదివేస్తాం. యోబు నోట ఆ మాట నిజమే. కాంట్రాక్టరు తీసిన ప్రాణం ప్రభువు ఖాతాలో వేయడం మాత్రం నాకు దైవదూషణలా అనిపిస్తుంది.

రౌషన్‌బుష్ 1917లో రాసిన చివరి పెద్ద పుస్తకంలో యేసును సిలువ వేసిన పాపాలు ఏవని లెక్క తీశాడు. మతోన్మాదం, లంచంతో కలిసిన అధికారం, న్యాయస్థానం చెడిపోవడం, గుంపు వెర్రి, సైనిక క్రౌర్యం, తక్కువవాళ్ళన్న చిన్నచూపు. ఆరు. మంచి శుక్రవారం, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద మూడు గంటలు చెబుతాం. ఒక్కసారి ఈ ఆరు పాపాల మీద చెప్పి చూడండి. ప్రధాన యాజకుడు కయప, గవర్నరు పిలాతు, ఆ గుంపు, ఆ సైనికులు అందరూ మన జిల్లాలోనే తిరుగుతున్నట్టు కనిపిస్తారు. ఈ బోధ తన మీద చెరగని ముద్ర వేసిందని మార్టిన్ లూథర్ కింగ్ రాసుకున్నాడు. రామాయపట్నం వద్దనుకున్న మనిషి మాట అలా ఎక్కడికో వెళ్ళింది.

నేను వ్యక్తిగత రక్షణను తక్కువ చేయడం లేదు. మా పెదనాన్న సారా మానింది ఉజ్జీవ సభలో. ఆ రాత్రి నుంచి మా పెద్దమ్మ ఒంటి మీద దెబ్బ పడలేదు. అది అద్భుతమే. దాన్ని కళ్ళారా చూసినదాన్ని. కానీ మారిన మా పెదనాన్న మర్నాడు వెళ్ళింది అదే ఆసామి దగ్గరికి, అదే కూలికి. సువార్త మా ఇంటి దాకా వచ్చింది, పొలం గట్టు దగ్గర ఆగిపోయింది. గట్టు దగ్గర ఆగమని దానికి ఎవరు చెప్పారన్నదే నా ప్రశ్న.

మీ మౌనానికి పిరికితనం ఒక్కటే కారణం కాదని నాకు తెలుసు. అసలు కారణం ఒకటుంది. అందరికీ తెలుసు, ఎవరం నోరు తెరవం. కాబట్టి నేనే తెరుస్తాను, ముందు నా తప్పు నుంచి.

బడిలో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు రిజిస్టరులో మతం కాలమ్ ఉంటుంది. ఆదివారం నా సండే స్కూల్లో "యేసు నన్ను ప్రేమించెను" పాడిన పిల్ల పేరు సోమవారం రాసేటప్పుడు ఆ కాలమ్‌లో "హిందూ" అని రాశాను. ఇంట్లో ఆ పిల్ల మరియమ్మ, రిజిస్టర్లో లక్ష్మి. ఒకరికి కాదు, ఇద్దరికి కాదు, నా సర్వీసంతా అదే రాశాను. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడని రాసుకుంటే ఎస్సీ హోదా పోతుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మనకు మిగిలింది బీసీ-సి కోటా కింద ఒక శాతం రిజర్వేషన్. మతం మారినా పల్లె మారలేదు, పని మారలేదు, ఊళ్ళో వాళ్ళు చూసే చూపు మారలేదు. మారాల్సి వచ్చింది పేరు ఒక్కటే. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఆ మూడో పేరా తీసేయమంది. ఈ సంగతి పరిశీలించమని 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని రాష్ట్ర అసెంబ్లీ 2023లో తీర్మానం చేసి పంపింది. ఉత్తర్వు అలాగే ఉంది.

దీనివల్ల మనం నోరు కుట్టేసుకున్నాం. కులం మాట ఎత్తితే సర్టిఫికెట్ల గుట్టు బయటపడుతుందని కమిటీకి భయం. ఎవరో ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ పెడితే అబ్బాయి ఉద్యోగం పోతుందని తల్లికి టెన్షన్. నేను ఆ తల్లిని తప్పుపట్టను. ఆ స్థితిలో నేనూ అదే చేస్తాను, చేశాను కూడా. పేదవాడి చేత అబద్ధం ఆడించి, ఆ అబద్ధాన్ని చూపించి వాణ్ణి బెదిరించే చట్టానిది తప్పు. కానీ గుడికి ఈ సంగతి తెలిసి, దాన్ని ఒక్కసారైనా దేవుని ముందు పేరు పెట్టి ఏడ్చిందా? ఉపవాస ప్రార్థనల్లో నలభై రోజుల అంశాల పట్టిక అచ్చు వేస్తారు. అందులో ఇశ్రాయేలు క్షేమం ఉంటుంది. మూడో పేరా ఉండదు.

కారంచేడు 1985 జులై 17. ఆరుగురు మాదిగల్ని చంపారు. పారిపోయి వచ్చినవాళ్ళకు చీరాల చర్చి ఆవరణ ఆశ్రయమైంది. అది మన సంఘ చరిత్రలో గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు. ఆరోజు ఆ గేటు తీసినవాళ్ళు ఇది రాజకీయమా కాదా అని కమిటీ మీటింగు పెట్టుకుని కూర్చోలేదు. కారంచేడు లాంటి నెత్తుటి నుంచే 1989 ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం పుట్టింది. ఇప్పుడు ఆ చట్టం ఎటు తిరిగిందో చూడండి. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్ళకు ఆ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. ఆ కేసులో ఫిర్యాదు చేసినాయన ఒక పాస్టరు. కులం పేరుతో తిట్టారని, కొట్టారని ఆయన ఫిర్యాదు. చర్చి ఆవరణలో తలదాచుకున్నవాళ్ళ నెత్తుటితో వచ్చిన చట్టం, చర్చిలో బోధించేవాడికి దక్కలేదు. తీర్పు వచ్చిన ఆదివారం మీ గుళ్ళలో దేని మీద వాక్యం చెప్పారు? మా గుడిలో "ఆశీర్వాదానికి ఏడు మెట్లు".

ఇక రాజకీయం సంగతి. ఎన్నికల ఏడాది సెమీ క్రిస్మస్ వేదిక మీద ఎమ్మెల్యే అభ్యర్థి కేకు కోస్తే అది రాజకీయం కాదు. పాస్టర్లకు ప్రభుత్వం ఇచ్చే 5,000 రూపాయల గౌరవ వేతనం ఆగిపోయినప్పుడు మన పాస్టర్లు వినతిపత్రం పట్టుకుని ఆఫీసుకు వెళ్ళారు. వెళ్ళాలి కూడా, పల్లెల్లో చాలామంది కాపరులకు అదే బియ్యం డబ్బు. అది రాజకీయం కాలేదు. అంగన్‌వాడీ అమ్మాయి 11,500 సరిపోవడం లేదంటే మాత్రం రాజకీయమైంది. మన కొలబద్ద ఎవరి జేబు దగ్గర వంగుతోందో ఇంతకన్నా విడమరిచి చెప్పలేను.

బయటి వాళ్ళ సంగతి ఇంతటితో వదిలేస్తాను. అసలు నా బాధ మన ఇంటి గురించి.

మా గుడిలో ఆరాధన ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. మున్సిపాలిటీలో పనిచేసే పారిశుద్ధ్య కార్మికులు మా సంఘంలో పాతిక కుటుంబాల దాకా ఉన్నారు. తెల్లవారుజామున చీపురు పట్టుకుంటే వాళ్ళు డ్యూటీ దిగి, ఇంటికి వెళ్ళి, నీళ్ళు పోసుకుని వచ్చేసరికి పదిన్నర. అప్పటికి వాక్యం సగం అయిపోతుంది. వెనక చెప్పుల దగ్గర కూర్చుంటారు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ముందే పెట్టేస్తారు, పెద్దలకు భోజనాలకు ఆలస్యమవుతుందని. వాళ్ళు వచ్చేసరికి ట్రేలు కడిగి బోర్లించి ఉంటాయి. ఒకసారి ఒకామె "మాకు లేదా అయ్యా" అని అడిగింది. "టైముకు రావాలమ్మా" అన్నారు.

పౌలు కొరింథు సంఘాన్ని తిట్టింది సరిగ్గా దీనికే. అక్కడ కలిగినవాళ్ళు పెందలాడే వచ్చి తిని తాగి కూర్చుంటే, పని చేసుకుని వచ్చేవాళ్ళు ఆకలితో మిగిలిపోయేవాళ్ళు. దేవుని సంఘాన్ని తిరస్కరించి పేదలను సిగ్గుపరుస్తారా అని అడిగాడు. పదకొండో అధ్యాయం చివర ఆయన చెప్పిన పరిష్కారంలో పెద్ద వేదాంతం ఏమీ లేదు: "భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి." ఆగండి అన్నాడు, అంతే. బల్ల తీసుకునే ముందు మనం ప్రతిసారీ ఇదే అధ్యాయం చదువుతాం. "అయోగ్యముగా" అన్న మాట దగ్గర గొంతు పెంచి, సినిమా చూసినవాళ్ళను, గొడవపడిన అత్తాకోడళ్ళను భయపెడతాం. ఆగని వాళ్ళ గురించి ఆయన ఆ మాట అన్నాడని మాత్రం ఎవరం చెప్పం.

కులం గురించి ఎక్కువ రాయను, రాస్తే ఈ ఉత్తరం ఆగదు. పెళ్ళి సంబంధాల కాగితాల్లో "క్రైస్తవ మాల", "క్రైస్తవ మాదిగ", "క్రైస్తవ రెడ్డి", "క్రైస్తవ కమ్మ" అని రాసుకుంటున్నాం. ముందు మాట బాప్తిస్మం ఇచ్చింది, వెనక మాట మనం ఉంచుకున్నాం. కొన్ని ఊళ్ళలో సమాధుల దొడ్లో కూడా గోడలున్నాయి. ఎస్సీ కోటాను ఉపకులాల వారీగా విడదీయవచ్చన్న సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు 2024 ఆగస్టు 1న వచ్చినప్పుడు మాలలు, మాదిగలు ఒకే బెంచీ మీద కూర్చునే సంఘాల్లో వారాల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పుల్పిట్ నుంచి ఒక్క మాట రాలేదు. అది సయోధ్య పరిచర్యకు దేవుడిచ్చిన సందర్భం. చేజేతులా పోగొట్టుకున్నాం. నాకూ అందులో ఒక పక్షం ఉంది, దాచను. కానీ నా పక్కన కూర్చునే అక్కయ్య మనసులో ఏముందో గుడిలోనే కూర్చుని వినాలనిపించింది. వినిపించేవాళ్ళు లేకపోయారు.

జీతాల దగ్గరికి వద్దాం. యాకోబు ఐదో అధ్యాయం చేలు కోసినవాళ్ళ కూలి బిగబట్టినవాళ్ళ గురించి. ఆ కూలి డబ్బులే మొఱ్ఱపెడతాయి అంటాడు యాకోబు. మనుషులే కాదు, డబ్బులు కూడా! తెలుగు చదువుకున్నదాన్ని గనక ఇలాంటి మాట దగ్గర ఆగిపోతాను. బీరువాలో తాళం వేసిన నోట్లు అరుస్తున్నాయట. మన చర్చి బడుల్లో పనిచేసే టీచర్లకు ఎంత ఇస్తున్నాం? వేసవి సెలవుల్లో ఇస్తున్నామా? ఆయమ్మలకు పీఎఫ్ కడుతున్నామా? నా దగ్గర చదివి, ఇప్పుడు ఒక సంఘం నడిపే బడిలో పాఠాలు చెబుతున్న పిల్ల "ఇది పరిచర్య అనుకోమ్మా అంటున్నారు టీచర్" అని ఏడ్చింది. పరిచర్య అన్న మాటను జీతం ఎగ్గొట్టడానికి వాడిన రోజు ఆ మాట నాకు చచ్చిపోయింది. గుడికి కొత్త టవరు కట్టాం, టైల్స్ వేయించాం, డ్రమ్స్ కిట్టు కొన్నాం. నేనూ చందా ఇచ్చాను.

మిమ్మల్ని నేను ధర్నాలకు రమ్మనడం లేదు. వస్తే సంతోషమే, మజ్జిగ నేను పోస్తాను. అడిగేవి చిన్నవి. చీటీలన్నీ చదవండి, సమ్మె చీటీ కూడా. మొదటి ఆదివారం బల్ల పదిన్నర తర్వాత పెట్టండి. బల్ల దగ్గర ఆ చీపురు పట్టిన చేతులతో ఒకసారి రొట్టె పంచిపెట్టించండి. సంఘం కింద పనిచేసే ప్రతి మనిషికీ కనీస వేతనం దక్కుతోందో లేదో కమిటీలో లెక్క తీయండి. బైబిలు కాలేజీ అయ్యగార్లకు ఒక విన్నపం: విద్యార్థుల్ని ఒకరోజు వెల్లంపల్లి తీసుకెళ్ళండి, ఇంకోరోజు బకింగ్‌హాం కాలువ గట్టు మీద నడిపించండి, మూడో రోజు కారంచేడు వాళ్ళు కాపురముంటున్న చీరాల విజయనగర్ కాలనీలో కూర్చోబెట్టండి. ఆ తర్వాత సోషల్ గాస్పెల్ మీద మీ పేరా చెప్పండి.

ద్వితీయోపదేశకాండం ఇరవైయారులో ఇశ్రాయేలీయుడు మొదటి పంట గంపతో గుడికి వచ్చి ఏం చెప్పాలో రాసి ఉంది. మా తండ్రి నశించిపోతున్న అరామీయుడు, ఐగుప్తులో మమ్మల్ని బాధపెట్టారు, మేం మొఱ్ఱపెట్టాం, దేవుడు విన్నాడు అని. మన దేశంలో దళిత దైవశాస్త్రానికి 1980ల్లో పునాది వేసిన అరవింద్ నిర్మల్ ఈ భాగాన్నే పట్టుకున్నాడు. దేవుని ముందు నిలబడి మొదట చెప్పాల్సింది మా తాతలు ఎవరో, వాళ్ళను ఎవరు తొక్కారో అని. మనం సాక్ష్యం చెప్పేటప్పుడు "నేను పాపిని" దగ్గర మొదలుపెడతాం. మా నాయనమ్మ అలా మొదలుపెట్టేది కాదు. "మాకు ఊరి బావిలో నీళ్ళు లేవు" అని మొదలుపెట్టేది.

నవంబరులో మా సంఘం జనరల్ బాడీ ఉంది. ఇరవై రెండేళ్ళుగా గుడి గేటు దగ్గర పడుకునే మన వాచ్‌మన్‌కు నెలకు ఎంత ఇస్తున్నాం, కిందటిసారి ఎప్పుడు పెంచాం, ఆయనకు వారంలో సెలవు ఏ రోజు అన్న మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా సెక్రటరీగారికి ఇచ్చాను. ఆదివారం ఆయనకు డ్యూటీ అని నాకు తెలుసు. అయినా మీ నోటి నుంచి వినాలని ఉంది. లెక్కల పుస్తకం తెచ్చుకోండి.

వందనాలతో,
మీ సండే స్కూలు టీచరు